పొగాకు పైరవీ, దానిపై వ్యంగ్యం

పొగాకు పైరవీ అంటే, పొగాకు సరుకు అమ్మే సంస్థలు తమ వ్యాపారానికి అడ్డువచ్చే చట్టాన్ని ఆపించడానికో, ఆపించలేకపోతే వాయిదా వేయించడానికో, వాయిదా కూడా పడకపోతే అందులో తమకు సరిపడా సందు మిగిలేలా రాయించుకోవడానికో మంత్రుల దగ్గరా, చట్టసభల సభ్యుల దగ్గరా, అధికారుల దగ్గరా నడిపే వ్యవహారం. పత్రికలు లాబీయింగ్ అని రాసే ఈ పనికి తెలంగాణలో పైరవీ అన్న మాట ఎప్పటినుంచో వాడుకలో ఉంది, చేసేవాడు పైరవీకారు. దీనికి జంటగా సాగేది ప్రజాసంబంధాల పని, అంటే సంస్థ పేరు జనంలో చెడకుండా కాపాడుకోవడం. అందులోనూ, కాదనలేని నిజాన్ని కాదనకుండానే దాని రంగు మార్చి చూపే నేర్పును తెలుగువాళ్ళు మసిపూసి మారేడుకాయ చేయడం అంటారు. ఈ రెండింటినీ ఎత్తిచూపి నవ్వించే నాటకాలు, నవలలు, సినిమాలు, కార్టూన్లు ఎన్నో ఉన్నా, బీడీ మీద లక్షల మంది బతికే ఉత్తర తెలంగాణలో ఈ వ్యంగ్యానికి ఒక చిక్కు ఉంది. ఇక్కడ పొగాకు తరఫున వినిపించే గొంతు చాలాసార్లు కోటు వేసుకున్న పైరవీకారుది కాదు. బీడీలు చుట్టే మహిళది, అడవిలో తునికాకు తెంపే కుటుంబానిది. వాళ్ళు చెప్పుకునే కష్టం నిజమే కాబట్టి, ఆ నిజాన్ని ఎవరు ఎందుకు అరువు తెచ్చుకుంటున్నారో విడదీసి చూపగలిగినప్పుడే వ్యంగ్యం నిలుస్తుంది. చూపలేనప్పుడు అది పేదవాళ్ళను వెక్కిరించడంగా దిగజారుతుంది.

గిరీశం వాదన

తెలుగు సాహిత్యంలో పొగాకు పక్షాన నిలిచిన వకీళ్ళలో గిరీశాన్ని మించినవాడు లేడు. గురజాడ అప్పారావు రాసిన కన్యాశుల్కం 1892లో మొదటిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, పెంచి తిరగరాసిన రూపంలో 1909లో వెలువడింది. అందులో గిరీశం తన శిష్యుడు వెంకటేశానికి చుట్ట మహిమను బోధిస్తూ, దొరలు అంత గొప్పవాళ్ళు కావడానికీ, ఆవిరి యంత్రం వంటివి కనిపెట్టడానికీ చుట్టే మూలమని నమ్మబలుకుతాడు. అది చాలదన్నట్టు శాస్త్రకారుడి సాక్ష్యం కూడా ముందుకు వస్తుంది. గరుడుడు మోసుకొస్తున్న అమృతంలోంచి ఒలికిన బొట్టే నేలమీద పొగాకు మొక్కగా పుట్టిందనీ, పొగతాగని మనిషికి వచ్చే జన్మలో దున్నపోతు బతుకు తప్పదనీ చెప్పే చాటుపద్యం అది. చాటుపద్యమంటే ఏ కావ్యంలోనూ భాగం కాకుండా జనం నోళ్ళలో విడిగా తిరిగే పద్యం. అటువంటిదానికి పురాణ ప్రమాణం అంటగట్టడంలోనే గిరీశం ప్రతిభ అంతా ఉంది.

ఈ చిన్న సన్నివేశంలో ఇరవయ్యో శతాబ్దపు పొగాకు ప్రచారం దాదాపు మొత్తం ఇమిడి ఉంది: గొప్పవాళ్ళందరూ తాగుతారన్న మాట, శాస్త్రం ఒప్పుకుంటుందన్న మాట, తాగనివాడు మనిషే కాదన్న చిన్నచూపు. తేడా ఒక్కటే, గిరీశానికి ఈ పనికి ఏ కంపెనీ జీతం ఇవ్వలేదు.

జీతం తీసుకున్న గిరీశాలు

అమెరికాలో ఈ పని వృత్తిగా మారింది. 1929 ఈస్టర్ పండుగనాడు న్యూయార్కు వీధిలో కొందరు యువతులు బహిరంగంగా సిగరెట్లు వెలిగించి నడిచారు. వాటికి స్వేచ్ఛా దీపాలని పేరుపెట్టి, పత్రికలవాళ్ళకు ముందే కబురంపి ఆ ఊరేగింపును నడిపించినవాడు ఎడ్వర్డ్ బెర్నేస్, ఆయనకు సొమ్ము చెల్లించింది అమెరికన్ టొబాకో కంపెనీ. 1950లో బ్రిటన్‌కు చెందిన రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని పరిశోధనతో చూపిన తరువాత కంపెనీలకు కొత్త ఎత్తు అవసరమైంది. హిల్ అండ్ నోల్టన్ అనే ప్రజాసంబంధాల సంస్థ సలహాతో 1954 జనవరి 4న అమెరికాలోని 400కు పైగా పత్రికల్లో కంపెనీలు ఉమ్మడి ప్రకటన వేయించి, ప్రజారోగ్యమే తమకు అన్నిటికన్నా ముఖ్యమనీ, నిజం తేల్చడానికి తామే పరిశోధన జరిపిస్తామనీ చెప్పాయి. సిగరెట్టు మంచిదని నిరూపించనక్కర లేదు, చెడ్డదన్న మాటమీద అనుమానం మిగిలితే చాలు అన్నది అప్పటినుంచి వ్యాపార సూత్రమైంది. 1994 ఏప్రిల్‌లో ఏడు పెద్ద కంపెనీల అధిపతులు అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం ముందు ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనం కలిగిస్తుందని తాము నమ్మడం లేదని ఒకరి తరువాత ఒకరు చెప్పారు. అదే ఏడు క్రిస్టఫర్ బక్లీ రాసిన థాంక్యూ ఫర్ స్మోకింగ్ నవల వెలువడడం వ్యంగ్యానికి కలిసొచ్చిన కాలం. 2005లో జేసన్ రైట్‌మన్ దాన్ని సినిమాగా తీశాడు. అందులో పొగాకు కంపెనీల ప్రతినిధి నిక్ నేలర్, మద్యం తరఫున ఒకరు, తుపాకుల తరఫున ఒకరు వారం వారం కలిసి భోంచేస్తూ, ఎవరి సరుకు ఎక్కువమందిని చంపుతుందో పోటీపడి లెక్కలు చెప్పుకుంటారు. నేలర్ తన వాదన నిజమని నిరూపించడు, ఎదుటివాడి వాదన తప్పని మాత్రం అనిపిస్తాడు. ఆ ఒడుపు గిరీశానికి పరాయిది కాదు.

పేరులోంచి జారిన పొగాకు

తెలుగు నేలమీద సిగరెట్టు వ్యాపారానికి రెండు పెద్ద నెలవులు, హైదరాబాదు, గుంటూరు. వజీర్ సుల్తాన్ 1916లో పునాది వేసిన హైదరాబాదు సంస్థ చార్మినార్ సిగరెట్టుతో దేశమంతా తెలిసింది. ఒక నగరపు ప్రసిద్ధ కట్టడం పెట్టెమీద బొమ్మై కూర్చోవడంతో ఆ సరుకుకు ప్రచార ఖర్చు సగం తగ్గి ఉంటుంది. ఇదే సంస్థ 1980లలో చార్మ్స్ అనే సిగరెట్టును జీన్స్ బట్ట రంగు పెట్టెలో తెచ్చి, అది స్వేచ్ఛకు ప్రాణమని చాటింది. బెర్నేస్ దీపాలు అర్ధశతాబ్ది తరువాత హైదరాబాదు దారిలో మళ్ళీ వెలిగాయన్నమాట.

గుంటూరు ప్రాంతంలో ఆకు కొని దేశంలో అతిపెద్ద సిగరెట్టు సంస్థగా ఎదిగిన ఐటీసీ కథలో వ్యంగ్యరచయితకు పనే లేదు, చరిత్రే అన్నీ సమకూర్చింది. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియాగా పుట్టిన ఈ సంస్థ 1970లో ఇంపీరియల్ అన్న మాట వదిలి ఇండియా టొబాకో కంపెనీ అయింది, 1974లో పొగాకు అన్న మాట కూడా కనబడకుండా మూడు పొడి అక్షరాలుగా మారింది, 2001లో ఆ అక్షరాల మధ్య చుక్కలను సైతం తుడిచేసుకుంది. హోటళ్ళు, కాగితం, గోధుమపిండి, బిస్కట్లు, బడిపిల్లలు రాసుకునే క్లాస్‌మేట్ నోటుపుస్తకాలు ఇప్పుడు ఆ పేరుకు ముందు నిలబడుతున్నాయి. 1996 ప్రపంచ కప్ క్రికెట్‌కు విల్స్ పేరు పెట్టించి, 2001 దాకా భారత జట్టు చొక్కాలమీద అదే పేరు రాయించింది కూడా ఈ సంస్థే. ఊపిరి గట్టిగా ఉండవలసిన ఆటగాడి గుండెమీదే సిగరెట్టు పేరు ఉండడం అప్పట్లో ఎవరికీ వింతగా తోచలేదు. మరో సంస్థ గాడ్‌ఫ్రే ఫిలిప్స్ తన సిగరెట్టు పేరుతోనే సాహస పురస్కారాలు నెలకొల్పింది. ప్రాణాలు కాపాడినవారిని సన్మానించడం ఆ పురస్కారాల పని.

ప్రభుత్వం ఈ నాటకంలో ప్రేక్షకుడు కాదు. 1975లో చేసిన చట్టం ప్రకారం 1976 జనవరి 1న గుంటూరు కేంద్రంగా ఏర్పడిన పొగాకు బోర్డు కేంద్ర వాణిజ్య శాఖ కింద ఉండి సాగునూ ఎగుమతినీ చూసుకుంటుంది. అదే కేంద్రంలోని ఆరోగ్య శాఖ ఆ పంటతో తయారైన సరుకుమీద క్యాన్సర్ బొమ్మ అచ్చువేయిస్తుంది. జీవిత బీమా సంస్థ ఎల్‌ఐసీ ఐటీసీలో పెద్ద వాటాదారు. పొగతాగేవాడి నుంచి ఎక్కువ ప్రీమియం అడిగే బీమా సంస్థే ఆ పొగలోంచి డివిడెండు అందుకుంటుందన్నది కార్టూను గీసేవాడికి కూడా అతిశయోక్తిగా అనిపించే విషయం.

కాగజ్‌నగర్ అడవి, కరీంనగర్ చాట

కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని కాగజ్‌నగర్ పొగాకు పండే ఊరూ కాదు, సిగరెట్టు తయారయ్యే ఊరూ కాదు. కొత్తపేట అనే పల్లె దగ్గర నిజాం కాలంలో, 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు స్థాపితమవడంతో ఆ పల్లె పేరు పోయి కాగితం పేరు నిలిచింది. అయినా పొగాకు పైరవీకి బలమిచ్చే ముడిసరుకు ఒకటి ఈ ఊరి చుట్టూ ఉన్న అడవిలో పెరుగుతుంది. అది తునికి చెట్టు ఆకు. బీడీకి పైచుట్టుగా పనికొచ్చేది అదే కాబట్టి బీడీ ఆకు అని కూడా పిలుస్తారు.

ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలల్లో ఈ ఆకుల సీజన్ సాగుతుంది. అంతకు ముందే మోళ్ళు కొట్టడం వల్ల లేత చిగుళ్ళు వస్తాయి. పులులు తిరిగే అడవి కావడంతో గుంపులుగా, తెల్లవారకముందే బయల్దేరి, ఎండెక్కేలోగా ఆకు తెంపుకొని ఇల్లు చేరి, నీడన కూర్చొని యాభై ఆకులకొక కట్ట చొప్పున నారతో కడతారు. సాయంత్రానికి కట్టలు కల్లానికి చేరతాయి. కల్లమంటే ఆకు ఆరబెట్టే చదును నేల, అక్కడ లెక్క చూసుకునేవాడు కల్లేదారు. కట్టలను వరుసలుగా పరిచి, ఎండ తగిలేలా తిరగేసి, చివరికి నీళ్ళు చిలకరించి మెత్తబడ్డాక బస్తాలకెత్తుతారు. వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక బస్తా. 1971లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టంతో ఈ వ్యాపారం ప్రభుత్వం చేతికి వచ్చినా, యూనిట్లవారీగా వేలంలో పాడుకునే గుత్తేదారు మాత్రం ఉండనే ఉన్నాడు. 1980లలో ఆదిలాబాదు, కరీంనగర్ అడవుల్లో తునికాకు రేటు పెంచాలన్న పోరాటాలు నక్సలైటు ఉద్యమం వేళ్ళూనడానికి ఒక ముఖ్య కారణమయ్యాయి.

ఆదిలాబాదు ఆకు, గుజరాత్ నుంచీ కర్ణాటకలోని నిపాణి నుంచీ వచ్చే తంబాకు, రెండూ కలిసేది నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల మహిళల ఒడిలోని చాటలో. తడిగుడ్డలో మెత్తబడిన ఆకుమీద రేకు ముక్క పెట్టి కత్తెరతో కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు వేసి, వేళ్ళ మధ్య చుట్టి, దారం కట్టి, కొన మడవడం క్షణాల పని. కానీ కూలి వెయ్యి బీడీలకు లెక్క కాబట్టి మెడ ఎత్తే తీరిక దొరకదు. కార్ఖానాలో తనిఖీకి వెళ్ళినప్పుడు బాగాలేవని పక్కకు తీసేసినవాటికి కూలి రాదు. బీడీ, చుట్ట కార్మికుల కోసం 1966లో, వాళ్ళ సంక్షేమ నిధి కోసం 1976లో కేంద్రం చట్టాలు చేసినా, ఇంట్లో కూర్చొని చుట్టే మనిషికి యజమాని ఎవరో తేలడమే కష్టం. ఏడాదికి 20 లక్షల లోపు బీడీలు చేసేవారికి చాలాకాలం ఎక్సైజు సుంకం మినహాయింపు ఉండడంతో, పెద్ద వ్యాపారం చిన్న చిన్న పేర్లుగా చీలి కనిపించడం లాభసాటి అయింది. సుంకం అడిగినప్పుడు బీడీ కుటీర పరిశ్రమ, ఎన్నికలప్పుడు లక్షల మందికి అన్నం పెట్టే మహా పరిశ్రమ.

మరొక మారేడుకాయ కూడా ఇక్కడే తయారవుతుంది. కాగితం లేదు, యంత్రం లేదు, అడవి ఆకు, చేతి పని. కనుక బీడీ సిగరెట్టంత చెడ్డది కాదన్న నమ్మకం పల్లెల్లో గట్టిగా ఉంది. ఆకులో గాలి ఆడదు కాబట్టి బీడీ త్వరగా ఆరిపోతుంది, ఆరకుండా మాటిమాటికీ గట్టిగా పీల్చవలసి వస్తుంది. తంబాకు తక్కువైనా తారు, నికోటిన్ లోపలికి చేరడంలో అది సిగరెట్టుకు తీసిపోదు.

పుర్రె గుర్తు

2003లో చేసిన పొగాకు ఉత్పత్తుల చట్టం, అంటే ప్రకటనలను నిషేధించి పెట్టెలమీద హెచ్చరికలను తప్పనిసరి చేసిన కేంద్ర చట్టం, మొదట్లో పుర్రె, ఎముకల బొమ్మ ఉండాలని చెప్పింది. 2006 జులైలో ఆ మేరకు నిబంధనలు రాగానే బీడీ ప్రాంతాల్లో కలకలం లేచింది. బీడీ కట్టమీద పుర్రె పడితే కొనేవాడు ఉండడనీ, కొనేవాడు లేకపోతే చాటలో తంబాకు పడదనీ కార్మికులు భయపడ్డారు; పుర్రె గుర్తు అన్న రెండు మాటలు ఉత్తర తెలంగాణ రాజకీయంలో నినాదమయ్యాయి. చావు గుర్తును ఇంట్లో పెట్టుకొని పని చేయవలసి రావడం అపశకునమన్న బాధ కూడా అందులో కలిసింది. ఆ భయాన్ని ఎవరూ పుట్టించనక్కర లేకపోయింది, మోసుకెళ్ళి ఢిల్లీలో దించితే చాలింది. ప్రణబ్ ముఖర్జీ అధ్యక్షతన మంత్రుల బృందం కూర్చుంది. ఆయన నియోజకవర్గం జంగీపూర్ కూడా బీడీలకు పేరుపడ్డ ప్రాంతమే. 2007లో చట్టాన్ని సవరించి పుర్రె తప్పనిసరి కాదన్నారు. అమలు తేదీ మళ్ళీ మళ్ళీ వాయిదా పడి, చివరికి 2009 మే 31న బొమ్మల హెచ్చరికలు వచ్చేనాటికి అవి పెట్టె ముందువైపు 40 శాతానికి పరిమితమయ్యాయి. పొగతాగే సరుకుమీద ఊపిరితిత్తుల బొమ్మ, నమిలే సరుకుమీద తేలు బొమ్మ పడ్డాయి. తేలుకూ క్యాన్సర్‌కూ సంబంధమేమిటో అర్థం కానివాళ్ళు ఆ పొట్లాన్ని తేలు మార్కు సరుకనుకోవడానికి అడ్డేమీ లేదు.

ఈ ఘట్టంలో నవ్వదగినదేదో నవ్వరానిదేదో జాగ్రత్తగా చూడాలి. కార్మికురాలి భయంలో తప్పులేదు. పుర్రె పడితే ఆమె పని పోతుందన్న వాదనకు ఊతమిచ్చినవాళ్ళలో, ఆమె వెయ్యి బీడీల కూలి పెంచమన్నప్పుడు అంతే చురుగ్గా ఢిల్లీ రైలెక్కినవాళ్ళు ఎందరన్నది అసలు ప్రశ్న. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక ఆసరా పథకం కింద బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల పింఛను మొదలై, 2019లో 2,016 రూపాయలకు పెరిగింది; బీడీ పని మీద వచ్చే కూలి బతకడానికి చాలదని రాష్ట్రమే చెప్పినట్టయింది. బీడీ బతుకుతెరువు గురించి వ్యాపారులు చెప్పే మాటకు ఇంతకన్నా సూటి జవాబు వ్యంగ్యంలో దొరకదు.

ఎనభై అయిదు శాతం

2014 సెప్టెంబరులో సిర్పూర్ పేపర్ మిల్లు ఆగిపోయింది. దానికీ పొగాకుకూ ఏ సంబంధమూ లేదు. కానీ సైరన్ మూగబోయిన ఊళ్ళో ఉపాధి పోతుందన్న మాట ఎవరు అన్నా, ఏ సరుకు తరఫున అన్నా, నమ్మేవాళ్ళుంటారు. నాలుగేళ్ళ తరువాత, 2018లో జేకే పేపర్ సంస్థ చేతుల్లో మిల్లు మళ్ళీ నడిచేదాకా కాగజ్‌నగర్ ఆ మాట బరువు మోసింది. మిల్లు ఆగిన మరుసటి నెలలో, 2014 అక్టోబరు 15న, కేంద్ర ఆరోగ్య శాఖ పెట్టెకు రెండువైపులా 85 శాతం మేర హెచ్చరిక ఉండాలని ప్రకటించింది. 2015 ఏప్రిల్ 1న అమలు కావలసిన ఆ నిబంధనను పార్లమెంటు ఉపశాసనాల సంఘం ఆపమని కోరింది. ఉపశాసనమంటే చట్టం కింద ప్రభుత్వం చేసే నిబంధన. అది సరిగా ఉందో లేదో చూడడం ఈ సంఘం పని. సంఘం అధ్యక్షుడు దిలీప్ గాంధీ, పొగాకు క్యాన్సర్ తెస్తుందని భారతదేశంలో జరిగిన అధ్యయనమేదీ లేదన్న అర్థంలో మాట్లాడాడు. సభ్యుడు శ్యామాచరణ్ గుప్తా స్వయంగా బీడీ వ్యాపారి; ఏ రోగమూ లేని బీడీరాయుళ్ళను ఎందరినైనా చూపిస్తానన్నాడు, చక్కెరతో మధుమేహం వస్తుందని చక్కెరను ఆపుతామా అని కూడా అడిగాడు. మరో సభ్యుడు రాంప్రసాద్ శర్మ, రోజుకు అరవై సిగరెట్లు కాల్చి, పైగా మద్యం తాగి, ఎనభై ఆరేళ్ళు బతికిన పెద్దమనిషిని ఉదాహరించాడు. కన్యాశుల్కం తెలిసిన తెలుగు పాఠకుడికి ఇది పాత రంగమే, వేదిక మాత్రం పార్లమెంటు.

నిబంధన 2016 ఏప్రిల్ 1న అమలులోకి రాగానే పెద్ద సిగరెట్టు కంపెనీలు కర్మాగారాలు మూసి కూర్చున్నాయి. సర్కారుమీద అలిగి సమ్మెకు దిగిన యజమానులను దేశం చూసింది. కర్ణాటక హైకోర్టు 2017 డిసెంబరులో ఆ నిబంధనను కొట్టివేయగా, సుప్రీంకోర్టు 2018 జనవరిలో ఆ తీర్పును నిలిపివేయడంతో 85 శాతమే నిలిచింది. ఈ మధ్యలో, 2016 నవంబరులో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందపు సభ్యదేశాలు సమావేశమైనప్పుడు, బయట నిరసన తెలిపింది పొగాకు రైతుల సంఘాలు. ఆ ఒప్పందంలోని 5.3 అధికరణం, విధానాలు రూపొందించేటప్పుడు పొగాకు వ్యాపార ప్రయోజనాలకు దూరంగా ఉండాలని చెబుతుంది. కంపెనీ లోపలికి రాలేదు, రైతు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వేలంపాటలో కొనేవాళ్ళు కొద్దిమందే అయినప్పుడు ధర పడిపోవడానికి పెట్టెమీది బొమ్మ ఎంత కారణమో, ఆ కొద్దిమంది ఎంత కారణమో రైతుకు తెలియనిది కాదు. 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి సిగరెట్లపై పన్ను 40 శాతానికి పెంచుతూ, బీడీలపై 28 నుంచి 18కి, బీడీ ఆకుపై 18 నుంచి 5 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది; ఎక్కువ గొంతులు ఎవరివో ఆ అంకెల్లోనే తెలుస్తుంది.

వ్యంగ్యం ఎదురు తిరగడం కూడా ఉంది. సినిమాకు ముందు చూపించే పొగాకు వ్యతిరేక ప్రకటన తెలుగు కుర్రకారుకు ఎంత కంఠతా వచ్చిందంటే, దానిలోని గంభీరమైన ప్రశ్నే 2018లో తరుణ్ భాస్కర్ తీసిన హాస్య చిత్రానికి ఈ నగరానికి ఏమైంది అన్న పేరైంది. హెచ్చరిక జోకుగా మారడానికి పొగాకు కంపెనీ పైసా ఖర్చుపెట్టలేదు.

ఇక బీడీ కట్ట. ఇరవై, పాతిక బీడీలను ఒకవైపు సన్నగా, ఒకవైపు లావుగా పేర్చి పలచటి కాగితంలో చుట్టినప్పుడు, చదునుగా అచ్చుపడ్డ బొమ్మ కట్టతో పాటు గుండ్రంగా తిరిగి, కొంత మడతలోకి, కొంత అంటించిన అంచు కిందికి వెళుతుంది. కాగజ్‌నగర్ రైల్వే స్టేషన్ బయట కొన్నవాడు కట్టను నడుమ చించి రెండు బీడీలు తీసుకొని మిగతాది చొక్కా జేబులో వేసుకుంటాడు; చిరిగిన చోటే ఉంటుంది, చట్టం 85 శాతం కోసం కొట్లాడి గెలుచుకున్న ఆ బొమ్మ.